అతిథి రుమాలు

ఆ పొద్దున ఆకాశం కనబడలేదు. దక్షిణపు ఎడారి నుంచి లేచిన దుమ్ము సూర్యుణ్ణి కప్పేయడంతో, లోకమంతా పాత ఇత్తడి రంగుకు తిరిగింది.

"ఈ దుమ్ములో విందుకెవుడొస్తాడన్నా?" అన్నాడు తమ్ముడు సతామ్.

"వచ్చినోడే మనోడు. పొయ్యి ఎగదొయ్యి," అన్నాడు షల్లాష్.

షల్లాష్ కొడుకు రాకాన్, చలికాలంలో నీళ్ళ లారీ తోలుతూ పెద్దరోడ్డు మీద ఎవరినో గుద్దాడు. పోలీసులు పట్టుకుపోయారు. కొడుకు ఇల్లు చేరితే పొట్టేళ్ళు కోసి నలుగురికీ పెడతానని షల్లాష్ మొక్కుకున్నాడు. వారం తిరక్కుండానే వదిలేశారు.

ఎట్లా వదిలారని షల్లాష్ అడగలేదు. మొక్కు గట్టిదనుకున్నాడు.

దెబ్బ తిన్న మనిషి బతికాడని మాత్రం విన్నాడు. పెద్దల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయి పలకరించడం తమ తెగలో మర్యాద. పోతే పరిహారం కింద ఏమడుగుతారోనని పోలేదు.

పొట్టేళ్ళు ఎదిగాయి. ఇవాళ మొక్కు తీరుస్తున్నాడు.

మధ్యాహ్నానికి గుడారం నిండింది. చివర్లో ఎవరో కొత్త మనిషి వచ్చాడు, నెత్తి గుడ్డ దులుపుకుంటూ. యాభై దాటి ఉంటాయి. పళ్ళు మాత్రం తెల్లగా, వరసగా ఉన్నాయి.

"పళ్ళు చూడన్నా, రేపే పెళ్ళన్నట్టున్నాడు," అని సతామ్ నవ్వాడు.

"నోర్ముయ్. అతిథి."

పేరు ఎవరూ అడగలేదు. వచ్చినవాడు కడుపు నిండా తినకముందు పేరూ ఊరూ అడిగితే ఆ ఇంటికే తలవంపులు.

"కూచో అన్నా. ఇల్లు నీదే."

"ఈ దారిన పోతా విన్నా, విందని. బాబు కులాసానా?" మాట వెంట చిన్న ఈల వచ్చింది.

"దేవుడి దయ. అడుగో."

రాకాన్ కాఫీ పోస్తున్నాడు. కొత్తాయన ముఖంలోకి చూసి, కప్పు అందించి, పక్కవాడి దగ్గరకు జరిగాడు. ఆయన మాత్రం ఆ కుర్రవాణ్ణి చాలాసేపు చూస్తూనే ఉన్నాడు.

తాంబాళం వచ్చింది. అన్నం, పుల్లటి పెరుగు పులుసు, మీద మాంసం. ఇంటివాళ్ళు తర్వాత తినాలి గనక షల్లాష్ నిలబడే, మెత్తటి ముక్క చీల్చి కొత్తాయన వైపు పెట్టాడు.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆగిపోయాడు.

"చూశావా, నమలడం లేదు," సతామ్ గుసగుసలాడాడు. "ఏదో అడగడానికొచ్చాడు. కోరిక తీరేదాకా మెతుకు ముట్టనోళ్ళు ఇట్లానే కూచుంటారు."

షల్లాష్ కొత్తాయన పక్కకు వంగాడు. పదిమందిలో ఏమడుగుతాడో.

"అన్నా, మనసులో మాటుంటే చెప్పు. ఇచ్చాననుకో. తిను."

"ఏం వద్దు. ఊరికే చూసిపోదామని వచ్చా."

అని, ముఖం గుడారపు గుడ్డ వైపు తిప్పుకుని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఏదో రుమాల్లోకి తీసి, ఒళ్ళో దాచుకున్నాడు.

"ఉమ్మేశాడు!" సతామ్ గొంతు లేచింది. "మొక్కు కూడు ఉమ్మేశాడన్నా!"

చేతులన్నీ తాంబాళం మీద ఆగిపోయాయి.

షల్లాష్ ముఖం భగ్గుమంది. "మా ఇంటి ఉప్పు అంత చేదా? ఏముంది ఆ గుడ్డలో? విప్పు."

"వద్దు అన్నా."

"విప్పు! నా గుడారంలో నా కూడు ఉమ్మినాక, నాకేం పరువు మిగిలింది?"

ఆయన నలుగురి వైపూ చూశాడు. మెల్లగా విప్పాడు.

కట్టుడు పళ్ళు. పై వరసా, కింది వరసా. కింది దాని అంచుకు నెత్తురు చార.

"ఓరి, ఈయన పళ్ళు విందుకి విడిగా వచ్చాయిరో!" అన్నాడెవడో. నలుగురైదుగురు నవ్వారు.

ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. పెదవులు సంచి మూతిలా ముడుచుకున్నాయి. అందరూ చూస్తూండగానే ముసలివాడైపోయాడు.

"కొత్తయి," అన్నాడు చెయ్యి అడ్డం పెట్టుకుని. మాట గాలిలో కలిసి వచ్చింది. "చిగుళ్ళు పుండు పడ్డయి. బోసినోటితో పదిమందిలోకి రాలేక పెట్టుకొచ్చా. తీసేసి, నాలుగు మెతుకులు మింగుదామనుకున్నా... మీ కూడుకేం, బంగారం."

"అన్నా..." అన్నాడు షల్లాష్.

ఆయన రుమాలు మడుచుకుని లేచాడు. "బాబుని చల్లగా చూసుకోండి," అని బయటకు నడిచాడు. ఆపడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు.

చేతులు కడిగించడానికి కూజాతో నిలబడ్డ రాకాన్, నీళ్ళు తివాచీ మీద పోతున్నా చూసుకోలేదు. కూజా కింద పెట్టి ఒక్క ఉదుటున రోడ్డు వైపు పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి అతిథులు వెళ్ళిపోయారు.

"ఏదో లారీ ఎక్కాడంట. దుమ్ములో ఏం కనబళ్ళా," అని, తండ్రి చెవి దగ్గర వంగి ఇంకో మాట చెప్పాడు.

షల్లాష్ రోడ్డు వైపు రెండడుగులు వేసి ఆగాడు.

"రాగానే చెప్పాలి గదరా!" అన్నాడు.

"ఆ పళ్ళతో గుర్తుపట్టలా నాన్నా. నోరు బోసైనాకే తెలిసింది."

సతామ్ తడిసిన తివాచీ మడిచి పక్కన పెట్టాడు.

మొక్కు కూడు మిగల్చకూడదు. చల్లారిన తాంబాళం చుట్టూ ముగ్గురూ చేరారు.

ఆనాడు రాకాన్ తోలిన లారీ కింద పడి, ఊడిన పళ్ళు నెత్తురుతో ఉమ్ముతూ, మాట రాక, తప్పు నాదేనని పోలీసులకు తన రొమ్మే వేలితో చూపించిన మనిషి కూర్చున్న చోటు వదిలేసి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిన్నారు.