ఊక ఎగిరిన వైపు

ఇంటింటికీ నాలుగేసి ఏసీలొచ్చి, వీధులు పొయ్యిల్లా మారి ఇరవయ్యేళ్లయింది. చనిపోయేలోగా ఒక్కపూటైనా ఆరుబయట కూర్చుని అన్నం తినాలని వరహాలమ్మ కోరిక. అందుకే మనవరాలు పైడమ్మ అరుగు కట్టడానికి ఇటుకలు తెచ్చింది.

ఎండ పడని చోటు దొరికింది. గాలి ఎటునుంచి వస్తుందో తేలాలి. మామ్మ పొలంలో తూర్పారబట్టినట్టే చేటెత్తి ఊక వదిలింది. అది తిన్నగా ఆమె పాదాల మీదే రాలింది. రెండోసారి మాత్రం పడమటికి ఎగిరింది.

"తూర్పుగాలే. నీ చదువులో ఇది చెప్పారేటి?" అంది మామ్మ.

పైడమ్మ తూర్పు వైపు చెయ్యి చాపింది. సెగ తగిలింది. అటు పక్కింటివాళ్లు అప్పుడే ఏసీ వేశారు; ఊకను ఎగరగొట్టింది దాని వెనక పెట్టెలోంచి వచ్చే గాలే.

"చెప్పలేదు మామ్మా," అంటూ ముగ్గుపిండితో అక్కడే గీత గీసింది, ఇద్దరు కూర్చునేంత వెడల్పుగా.