అరవై ఎనిమిది కిలోలు

"పరుగు!"

ఈల మోగింది. వ్యాయామశాలలో ఆరుగురు పిల్లలు ఒక్కసారిగా కదిలారు. నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మళ్ళీ పరుగు. అలా పది విడతలు. అందరూ ఒళ్ళు తగ్గించుకోవడానికి వచ్చిన టీనేజర్లే.

ఎనిమిదో విడతకి ఐదుగురు గోడకి చేరగిలబడ్డారు. అమ్మలు మాత్రం పరిగెడుతూనే ఉంది.

"చాల్లే అమ్మలూ! ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" తలుపు దగ్గర్నుంచి తండ్రి అరిచాడు.

"మీరు నోరు మూసుకుని కూర్చోండి!" కోచ్ కసిరాడు.

ఆ మనిషిని చూస్తే కోచ్‌కి ఒళ్ళుమంట. కుండలాంటి పొట్ట, రెండడుగులేస్తే ఆయాసం. రోజూ కూతురి వెనకే వచ్చి కుర్చీలో కూలబడతాడు. అలసి వచ్చిన పిల్ల ముందు కేకు డబ్బా తెరుస్తాడు. మొన్నయితే ఏకంగా షూ దాచేశాడట!

అమ్మలు చేరింది పద్దెనిమిదో పుట్టినరోజు మర్నాడు. అప్పుడు డెబ్బై ఎనిమిది కిలోలు. చేతిలో డాక్టరు రాసిన చీటీ. పన్నెండు వారాల్లో అరవై ఎనిమిదికి దిగాలి.

"దేనికమ్మా, ఏదైనా సెలక్షనా?" అడిగాడు కోచ్.

"అలాంటిదే సార్. ఇది తప్పితే మళ్ళీ ఛాన్స్ రాదు."

ఆ గడువు రేపే.

"కాళ్ళు పీకేస్తున్నాయి సార్," పదో విడత ముందు రొప్పుతూ అంది.

"ఆపేద్దామా?"

"ఆపమన్నానా? ఈల ఊదండి."

"నా మాట వినవే! తగ్గకపోతే కొంపేం మునిగిపోదు," తండ్రి బతిమాలాడు.

"మునుగుతుంది నాన్నా." అతనివైపు చూడకుండానే పరుగందుకుంది.

మర్నాడు ఉదయం అమ్మలు కళ్ళు మూసుకుని తూకం యంత్రం ఎక్కింది. తండ్రి సరిగ్గా ఆమె వెనకే నిలబడ్డాడు.

"డెబ్బై ఒకటి," కోచ్ గొంతు పడిపోయింది.

"అబద్ధం! నిన్న రాత్రి అరవై ఎనిమిదిన్నరే!"

కోచ్‌కి అనుమానం వచ్చి వంగి చూశాడు. అమ్మలు మడమల వెనక, యంత్రం అంచు మీద మరో పాదం. వాచిపోయి, చెప్పులో ఇమడని పాదం.

"తియ్యండి కాలు!" భుజం పట్టి లాగేశాడు.

అంకె సర్రున జారి అరవై ఏడు పాయింట్ తొమ్మిది దగ్గర ఆగింది.

అమ్మలు ఎగిరి గంతేసింది. "డాక్టరుగారికి చెప్పేస్తా!" అంటూ ఫోన్ తీసుకుని బయటికి పరిగెత్తింది.

తండ్రి అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"మీరసలు తండ్రేనా?" కోచ్ విరుచుకుపడ్డాడు. "పగవాడు కూడా పిల్లకి ఇలా చెయ్యడు! అది కూడా మీలా పొట్ట వేసుకుని ఊరేగాలా? గెలిచిందండీ మీ కూతురు! సంతోషించాల్సింది పోయి ఈ ఏడుపేమిటి?"

తండ్రి తలెత్తాడు. పచ్చబడిన కళ్ళలో నీళ్ళు.

"బరువు తగ్గకపోతే పనికిరాదంటారని ఆశపడ్డాను సార్."

"ఎవరంటారు?"

"డాక్టర్లు. సోమవారం దాని కాలేయంలో సగం కోసి నాకు పెడతారు."