సర్వసభ్య సమావేశం

"మనకి మధ్యవర్తులెందుకు? ఇకనుంచి నేను నేరుగా మీతోనే మాట్లాడతాను. తమ్ముడూ, తిన్నావా?" అన్నాడు కొత్త నాయకుడు రేడియోలో.

టైపు మిషన్ల మెకానిక్కుల సంఘం అధ్యక్షుడు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. భార్య పోయాక ఆ ఇంట్లో అతన్ని తిన్నావా అని అడిగిన గొంతు అదొక్కటే. అయినా ఆ మధ్యవర్తుల మాట అతనికి మింగుడుపడలేదు.

నాయకుడు ఎత్తేస్తానంటున్నది వేతన మండలిని. ఒక్కో వృత్తికీ కార్మికులు, యజమానులు, ప్రభుత్వం ఒకే బల్ల చుట్టూ కూర్చుని జీతాలు తేల్చుకునే చోటు అది. ఉండాలో వద్దో ప్రతి సంఘమూ తన సభ్యుల్ని అడిగి గురువారానికల్లా చెప్పాలట.

మండలి పోతే యజమానుల సంఘం అధ్యక్షుడితో పోట్లాట కూడా పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మొండిఘటం బల్లకి అవతల కూర్చుని ప్రతిదానికీ అడ్డం తగులుతున్నాడు. నిజం చెప్పొద్దూ, నెలంతా ఇతను ఎదురుచూసేది ఆ పోట్లాట కోసమే.

బుధవారం సాయంత్రం సంఘం గది ఊడ్చి, కుర్చీలు తుడిచి వేశాడు. సరిగ్గా ఆరింటికి సమావేశం మొదలైంది. రెండు వైపుల వాదనా వినాలి, పుస్తకంలో రాయాలి. నియమాల దగ్గర అతను చండశాసనుడు.

నాయకుడే స్వయంగా పలకరిస్తుంటే ఈ బల్లా కుర్చీలూ దేనికన్న వాదన ముందు వచ్చింది. పలకరిస్తాడు సరే, మనం చెప్పేది వింటాడా, రేడియోకి నోరే గాని చెవులేవి అన్న వాదన తరువాత వచ్చింది. గంటసేపు తర్జనభర్జన నడిచింది. ఒక దశలో బల్ల గుద్దడం కూడా అయింది. చివరికి చేతులెత్తే పద్ధతిలో ఓటింగు జరిగి, మండలి ఉండాలని తీర్మానం నెగ్గింది.

గురువారం అతను మండలికి వెళ్ళేసరికి ఆ మొండిఘటం ఇస్త్రీ చొక్కాతో ముందే వచ్చి కూర్చుంది.

"ఏం ప్రెసిడెంటు గారూ, మీవాళ్ళు వచ్చారా, ఎగ్గొట్టారా?"

"అందరూ వచ్చారు. ఒక్కరూ మానలేదు. మీవాళ్ళ సంగతేమిటి షావుకారు గారూ?"

"మాదీ ఏకగ్రీవమే. మండలి ఉండాల్సిందే. మీకు జీతాలు మాత్రం పైసా పెంచేది లేదన్నారు."

"అయితే సమ్మె చేస్తాం!"

"చేసుకోండి. మేమూ తాళాలేస్తాం!"

ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఈ వారమే బదిలీ మీద వచ్చిన ప్రభుత్వాధికారి ఇద్దర్నీ చూసి, ఇంత పట్టుదల గల సంఘాలు ఇంకా ఉన్నాయన్నమాట అనుకున్నాడు. పుస్తకాలు ఇమ్మని చెయ్యి చాచాడు.

రెండూ పక్కపక్కన పెట్టుకుని హాజరు పేజీలు తిరగేస్తే, పదకొండేళ్ళుగా ప్రతి సమావేశానికీ మెకానిక్కుల వైపు ఒకే ఒక్క సంతకం, యజమానుల వైపు ఒకే ఒక్క సంతకం.