గత్తర సూది

బాన్సువాడ వారపు అంగడిలో గత్తర సూదులు, అదే కలరా టీకాలు, వేస్తున్నారు.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. పై ఊళ్లలో వాంతులూ, భేదులూ మొదలయ్యాయి. జనమేమో బారులు తీరారు, మందేమో అంతంతమాత్రం. హెల్త్ ఇన్‌స్పెక్టర్ హరనాథబాబుకు ఊపిరి సలపడం లేదు.

పక్కనే కుర్చీ వేసుకుని బాలన్న పటేలు. ఆయన చెరుకు కోతకొచ్చింది. కోసేది తండా కూలీలు. వాళ్లు మంచం పడితే తన పని ఖతమని ఆయన దిగులు.

"రేపు తండాకే పోదాం సారూ. కోసేటోళ్లకు ముందు ఎయ్యుండ్రి."

"అలాగే పటేల్ గారూ. వాళ్ల కోసం కొంత మందు పక్కన పెట్టాను."

అంతలో ఒక లంబాడా ముసలామె వరస దాటుకుని వచ్చింది. బల్ల మీద చెయ్యి పెట్టింది.

"నాకు ముందుగాల సూదెయ్యి బాబూ."

"వరసలో రావాలమ్మా!"

"వరసల నిలబడితే పొద్దుగూకుతది. మల్ల తండాకు నడిచి పోవాలె."

బాలన్న పకపకా నవ్వాడు.

"సూస్తున్నరా సారూ! కాటికి కాళ్లు సాపింది. అయినా పానమంటే ఎంత తీపో!"

వరస వరసంతా గొల్లుమంది.

ముసలామె మొహం చిన్నబోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"నవ్వితే నవ్వుండ్రి. నాకు ఇయ్యాలనే ఎయ్యాలె."

"రేపు మేమే మీ తండాకు వస్తున్నాం కదా. ఏమిటా తొందర?"

"రేపైతే ఫాయిదా లేదు బాబూ. మావోళ్లు..."

"ఇక చాలు!" హరనాథబాబు కసిరాడు. "కష్టం చేసుకునే వాళ్లకే మందు చాలక చస్తుంటే, నీకు వేసి ఎవరికి లాభం?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగు సవరించుకుని వెళ్లిపోయింది. పేరైనా అడిగారా? ఎవరడుగుతారు!

మర్నాడు జీపు తండాకు వెళ్లింది.

ఒక్కరూ ముందుకు రాలేదు. తండా నాయక్ తారాచంద్ అడ్డంగా నిలబడ్డాడు.

"మాకొద్దు సారూ."

"ఎందుకొద్దు?"

"మావోళ్లకు నమ్మకం కుదరలే."

బాలన్న బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. తారాచంద్ కదిలితేగా!

"మొండి జనం. వీళ్ల ఖర్మ!" అంటూ హరనాథబాబు జీపెక్కాడు.

కొద్ది రోజులకే గత్తర తండాలో దిగింది. ఏ గడపలో చూసినా ఏడుపే. మిగిలినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఎటు దారి దొరికితే అటు పోయారు.

చెరుకు కోసే దిక్కు లేదు. ఫ్యాక్టరీ గడువు దాటింది. తోట పూతకొచ్చి, బెండుబారి, నిలువునా ఎండింది. బాలన్న గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హరనాథబాబుకు అన్నం సయించలేదు. ఆగలేక తండాకు పోయాడు. తారాచంద్ ఒక్కడే గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు.

"ఒక్క సూది తారాచంద్! దానికి అంత భయపడ్డారేమయ్యా?"

"కొత్త మందంటే భయముండదా సారూ? కొత్త బాయి నీళ్లయినా, కొత్త మందయినా మా తండల పెద్ద వయసోళ్లే ముందుగాల తీసుకుంటరు. తెల్లారి వాళ్లు మంచిగ లేస్తేనే మేము ముట్టుకుంటం."

"మరి ఆ పెద్దవాళ్లను మా దగ్గరికి పంపించొద్దూ!"

"వచ్చింది గద సారూ ఒక పెద్దామె. మీరెయ్యలే. పెద్దమనిషికే ఎయ్యని సూది మాకెట్ల మంచిదైతదని మావోళ్లు బెదిరిన్రు."

హరనాథబాబుకు అంగడిలో బల్ల మీద పెట్టిన ఆ ముసలి చెయ్యి గుర్తొచ్చింది.

"ఆ ముక్క నాతో చెప్పలేదేమయ్యా?"

"ఆమె చెప్పబోతే ఇనలేదట గద సారూ. ఇగ నేను చెప్తే ఇంటరా అని ఊకున్న. కోపంల ఊకున్న. నాదీ తప్పే."

"ఇప్పుడు ఎక్కడుందామె? కాళ్ల మీద పడతాను."

తారాచంద్ తల అడ్డంగా ఊపాడు.

"గత్తరకు అందరికన్న ముందు ఆమెనే పోయింది."

హరనాథబాబు అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఎవరయ్యా ఆమె?"

"మా అవ్వ సారూ, కన్నతల్లి. భీమ్లి. 'గా మందు ఇసమైతే నేనొక్కదాన్నే పోత, తండా బతుకుతది' అని, నేనెంత వద్దన్నా ఇనకుండ అంగడికొచ్చింది."