చెవి నుంచా, పక్కటెముక నుంచా?

“ముక్కులో పెట్టే ముక్క చెవి నుంచే తియ్యండి డాక్టరమ్మా. పక్కటెముకల జోలికి మాత్రం వెళ్లొద్దు” అన్నాడు కియత్, భార్య చెయ్యి వదలకుండా.

డాక్టర్ ఓరథాయికి ముచ్చటేసింది. హాట్‌యాయ్ ఊళ్లో ముక్కులు సరిచేసే ఆమె దగ్గరికి మొగుళ్లు రావడమే తక్కువ. వచ్చినా బయట కూర్చుని ఫోను చూసుకుంటారు. ఈ బంగారం కొట్టు ఆసామి మాత్రం ప్రశ్నలన్నీ తానే అడుగుతున్నాడు. పక్కన భార్య పిమ్‌చన్ తల దించుకుని కూర్చుంది.

“మోటారుసైకిల్ మీంచి పడింది. అప్పట్నుంచి దీని ముక్కు వంకర, నా కొట్టుకి రాహువు. ఆడదాని ముక్కే మొగుడి అదృష్టమట, ముఖం చూసి జాతకం చెప్పే సిన్సే చెప్పాడు. చైనా కొత్త సంవత్సరానికల్లా ముక్కు తిన్నగా ఉండాలన్నాడు. సిలికాన్ పెడితే సరిపోదా?”

“ఇలా విరిగి కుంగిన చోట అది నిలవదు. చర్మం పల్చబడి బయటికి పొడుచుకొస్తుంది. సొంత ఒంట్లోంచి తీసిన మెత్తటి ఎముకైతే ఒళ్లు దాన్ని పరాయిదనుకోదు. చీము పట్టే భయమూ తక్కువ.”

“అందుకే చెవి అంటున్నా. మచ్చ చెవి వెనకే ఉండిపోతుంది.”

“చెవిది మరీ మెత్తన. ముక్కు కొన దిద్దడానికి బాగుంటుంది గానీ దూలం నిలబెట్టలేదు. కొన్నేళ్లకి మళ్లీ కుంగిపోవచ్చు.”

“పక్కటెముకదైతే?”

“గట్టిగా నిలుస్తుంది. కాకపోతే ఛాతీ మీద గాటు పడుతుంది, కొన్నాళ్లు ఊపిరి తీస్తే నొప్పి. ఒక్కోసారి పెట్టిన ముక్క వంగిపోతుంది కూడా. ముందు ఛాతీకి స్కాన్ తియ్యాలి.”

“స్కాన్ వద్దు. పిల్లల కోసం మొక్కుకున్నాం, ఆ కిరణాలు దీని మీద పడనివ్వను. దీని ఒంటి మీద గాటు పడితే నేను చూళ్లేను.”

“అదృష్టవంతురాలివమ్మా” అంది ఓరథాయి. పిమ్‌చన్ చిన్నగా నవ్వింది.

కానీ మళ్లీ కుంగుతుందన్న మాట కియత్‌ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ముక్కు కుంగితే కొట్టు కుంగినట్టే. ఆశ ముందు ఎంత పంతమైనా ఎంతసేపు నిలుస్తుంది?

“సరే, పక్కటెముకే కానివ్వండి. స్కాన్ మాత్రం వద్దు.”

“ముందు చేత్తో తడిమి చూస్తాను. మీరు బయట కూర్చోండి.”

“నేనూ ఉంటాను.”

“ఆడవాళ్లని పరీక్ష చేసేటప్పుడు మగవాళ్లని ఉండనివ్వమండీ” అంటూ నర్సు అతన్ని మర్యాదగానే బయటికి పంపి తలుపేసింది.

పిమ్‌చన్ బల్ల మీద పడుకుంది. “కుడివైపు నుంచి తీస్తామమ్మా” అంటూ ఓరథాయి చెయ్యి వెయ్యబోయింది. పిమ్‌చన్ ఒళ్లంతా ముడుచుకుపోయింది.

“ఎడమవైపు తియ్యండి డాక్టర్.”

“అటు గుండె ఉంటుంది కదా. రేపు నొప్పొస్తే అది గాటుదో గుండెదో తెలీక కంగారు పడాలి. కుడివైపే మంచిది.”

“వద్దు డాక్టర్.”

“ఎందుకు?”

పిమ్‌చన్ మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“ముక్కు విరగ్గొట్టిన రోజే ఆయన కుడివైపు పక్కటెముకలూ విరగ్గొట్టారు.”