తెరుచుకోని పేజీ

‘ఈ సైటు తెరుచుకోవడం లేదు.’

తెల్లటి తెర మీద అదే ముక్క. ఎన్నిసార్లు నొక్కినా అదే.

ఆమె మళ్లీ నొక్కింది.

పక్క ట్యాబ్‌లో వార్తలు వస్తున్నాయి. పాటలు వస్తున్నాయి. వంటల వీడియోలు పరిగెత్తుకుని వస్తున్నాయి.

రావాల్సింది మాత్రం రావడం లేదు. అది తనకు ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ పేజీ. సాయంత్రం ఐదులోపు అందులోకి వెళ్లి ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కాలి. లేకపోతే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

తను బిల్లులు కొట్టే బట్టల షాపు మూతపడ్డాక, కూతుర్ని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చి పడింది. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు బావ ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు. నిన్న ఎవరో పిల్ల పుస్తకాల సంచి తీసి వరండాలో పెట్టారు. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు. అడిగితే ఆ వెనకే తన పెట్టె కూడా వస్తుందేమోనని భయం.

“ఇంకా కాలేదా? మీ బావ వచ్చేలోగా ఆ కంప్యూటరు ముందు నుంచి లే,” వంటింట్లోంచి అక్క కేకేసింది.

“పేజీ రావట్లేదక్కా.”

“మిగతావన్నీ వస్తున్నాయిగా! ఆడలేక మద్దెల ఓడు అందట.”

వీధి చివర నెట్ సెంటరుకు పొద్దుటి నుంచీ తాళమే. తన చేతిలో ఉన్నది బటన్ల ఫోను. దాంతోనే కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేసింది.

“నమస్కారం. చెప్పండమ్మా.”

మగ గొంతు. తొందరంటే ఏమిటో తెలియని గొంతు.

“మీ సైటు పనిచెయ్యట్లేదు!”

“ఇక్కడ తెరుచుకుంటోందమ్మా. మీకు వేరే సైట్లు వస్తున్నాయా?”

“అన్నీ వస్తున్నాయి. మీదొక్కటే రావట్లేదు. ఏం కంపెనీ అండీ మీది?”

“అయితే నెట్ ఉంది. దారే ఎక్కడో తప్పింది. పైన అడ్రసు ఒక్కో అక్షరం చదవండి.”

చదివింది. తప్పేం లేదు.

“వేరే బ్రౌజరుంటే అందులో చూడండి.”

చూసింది. అక్కడా తెల్ల తెరే.

“కంప్యూటరు పాత పేజీలు దాచుకుని ఉంటుంది. సెట్టింగ్స్‌లో హిస్టరీ ఉంటుంది, అదంతా చెరిపేయండి.”

చెరిపేసింది. “ఊహూఁ. రాలేదు!”

“సరే. నెట్ డబ్బా ఆపి, కాసేపాగి మళ్లీ వెయ్యండి.”

“ఐదు కావొస్తోందండీ! ఆగమంటారేంటి?”

“ఫరవాలేదమ్మా, ఆపి వెయ్యండి. నేను లైన్లోనే ఉంటాను.”

డబ్బా మీద దీపాలు తీరిగ్గా ఒక్కొక్కటే వెలుగుతుంటే ఆమె ప్రాణం గిలగిల్లాడింది. అన్నీ వెలిగాక మళ్లీ నొక్కింది.

రాలేదు.

ఇక ఆపుకోలేకపోయింది. “మీకేం తెలుస్తుందండీ మా బాధ! నెల తిరిగేసరికి జీతం వచ్చిపడుతుంది మీకు. అది నొక్కు, ఇది నొక్కు అంటూ కూర్చుంటారు. ఈ ఉద్యోగం పోతే నేనూ నా పిల్లా రోడ్డున పడతాం!”

అవతలాయన నొచ్చుకున్నట్టు లేదు.

“పాప ఏం చదువుతోంది?”

“ఆరు.”

“ముందు కళ్లు తుడుచుకోండమ్మా. తెర కనబడాలిగా.”

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుంది.

“పేరు చెబితే ఇల్లు చూపించేవాళ్లు వీధికొకరుంటారే, నెట్‌లోనూ అలాగే ఉంటుంది. మీ నెట్ వాళ్ల మనిషి మా ఇల్లు మర్చిపోయినట్టున్నాడు. మనం ఇంకొకర్ని అడుగుదాం. నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరవండి. నేను చెప్పే అంకెలు వెయ్యండి.”

ఆయన ఒక్కో అంకే చెప్పాడు. ఆమె ఒక్కో అంకే వేసింది. కంగారులో తప్పు వేస్తే, విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

తెల్ల తెర మీద రంగులు విచ్చుకున్నాయి.

“వచ్చింది! వచ్చిందండీ!”

“మంచిది. ఏం రాసుందో చదవండి.”

“సహాయ విభాగం, హెల్ప్‌లైన్, పగటి షిఫ్టు. రేపు ఉదయమే చేరాలట.”

అవతలి నుంచి మాట లేదు.

“హలో? ఉన్నారా? హలో! ఇప్పుడు లైను కూడా పోయిందా ఖర్మ?”

“ఉన్నానమ్మా.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “కింద పచ్చ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కండి. ‘అందింది’ అని వచ్చేదాకా పేజీ మూయకండి. మూసేస్తే మళ్లీ మొదటికొస్తుంది.”

నొక్కింది. కళ్లు ఆర్పకుండా చూసింది.

‘అందింది.’

“అక్కా! అయిపోయిందక్కా!” అని అరుస్తూ ఫోను పెట్టేసింది.

ఆయనకు ఒక్క మంచి మాటైనా చెప్పలేదని అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది.

మర్నాడు ఆఫీసులో సూపర్‌వైజరమ్మ ఆమెకు హెడ్‌ఫోన్ ఎలా పెట్టుకోవాలో చూపించింది. కాల్ ఎలా తీసుకోవాలో చెప్పింది. అవి విన్నంతసేపూ ఆమె కళ్లు వరసల్లో ఉన్న మనుషుల మీదే ఉన్నాయి.

“మేడం, నిన్న సాయంత్రం నా ఫోను తీసినాయన ఎవరండీ? చాలా మెల్లగా మాట్లాడతారు. నోటికొచ్చినట్టు అన్నాను. క్షమించమని అడగాలి.”

“మా నిదానం గారా? అందరూ అలాగే పిలుస్తారులే.” సూపర్‌వైజరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. “లేరమ్మా. నిన్నటితో వెళ్లిపోయారు.”

“మానేశారా? ఎందుకు?”

“ఆయన మానలేదు. పాతవాళ్లను తీసేసి కొత్తవాళ్లను పెట్టమన్నారు పైవాళ్లు.”

“ఫోన్ నంబరైనా...”

“ఆఫీసు ఫోనే వాడేవారు. అది ఇచ్చేసి వెళ్లారు. ఎటు వెళ్లారో ఎవరికీ చెప్పలేదు.”

ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

సూపర్‌వైజరమ్మ గొంతు తగ్గించింది. “సాయంత్రం ఐదులోపు మీరు ఒప్పుకోకపోతే ఈ ఉద్యోగం ఆయనకే ఉంటుందని, నిన్న పొద్దున నేనే ఆయనకు చెప్పాను.”