నడిరోడ్డు మీద కుర్చీ

రెండు బకెట్లు. రెంటిలోనూ రంపపు పొట్టు. పొట్టులో నాటుబాంబులు.

దాచేపల్లి అవతల, కృష్ణ ఒడ్డు పల్లె. తొంభైతొమ్మిది ఎన్నికలు. బడి ముందు రోడ్డుకి ఇటు పెద బుల్లయ్య మనుషులు, అటు చిన బుల్లయ్య మనుషులు. అన్నదమ్ముల బిడ్డలే, ఏం లాభం!

లోపల పోలింగ్ ఆఫీసరు జయరావు మాస్టారికి ముచ్చెమటలు పడుతున్నాయి.

పిడుగురాళ్ల బస్సు దిగిన ఓ ముసలాయన నేరుగా ఆయన దగ్గరికొచ్చాడు.

"నాగూర్ వలినండి. ఇండిపెండెంటు అభ్యర్థిని. ఓ కుర్చీ ఇప్పిస్తారా?"

ఆ కుర్చీ పట్టుకెళ్ళి నడిరోడ్డు మీద వేసుకుని కూర్చున్నాడు.

"ఏయ్ సాయిబూ, లెగు! చస్తావ్!" పెద బుల్లయ్య అరిచాడు.

"పోటీలో ఉన్నవాణ్ణి. బూతు ముందు నే చస్తే ఈ ఊరి పోలింగు రద్దు నాయనా. మీ ఇద్దరి ఓట్లూ గంగలో కలుస్తాయి. వెయ్యండి."

చిన బుల్లయ్య తన మనిషి చెయ్యి పట్టుకుని ఆపి, ముసలాయన వైపు తిరిగాడు.

"బుల్లయ్యలంటే ఈ చుట్టుపక్కల హడల్, తెలుసా? అసలు మా ఊళ్ళో నీకేం పని?"

"మంచి పేరే," అని నవ్వాడు ముసలాయన. "ఈ ఊరి కోసమే నామినేషన్ వేశాను."

పిచ్చోడన్నారు. అన్నారేగానీ బాంబు ఎవరూ వెయ్యలేదు.

ఎడం చేతికి మిగిలిన మూడు వేళ్ళతో చెమట తుడుచుకుంటూ అయిదింటి దాకా ఆ ఎండలోనే కూర్చున్నాడు. పెట్టెకి సీలు పడ్డాక, కుర్చీ లోపల పెట్టి బస్సెక్కాడు.

అప్పుడొచ్చింది పెద బుల్లయ్య తల్లి, కర్ర పొడుచుకుంటూ.

"ఇద్దరూ బతికే ఉన్నార్రా?"

"ఎవడో నాగూర్ వలి అంట పెద్దమ్మా, మధ్యలో కూర్చుని చావలేదు, చావనివ్వలేదు. బుల్లయ్యలమంటే మంచి పేరేనని నవ్వాడు," అన్నాడు చిన బుల్లయ్య.

"ఎడం చెయ్యి ఎట్టా ఉంది?"

"రెండు వేళ్ళు లేవు."

ముసలమ్మ రోడ్డు మీదే కూలబడింది.

"మంచినీళ్ళన్నా ఇచ్చార్రా?"

"లేదు పెద్దమ్మా."

"రజాకార్లు కృష్ణ దాటి మన ఊరి మీద పడ్డ రోజు పోయినయ్యిరా ఆ వేళ్ళు. ఊరిని కాచిన దళంలో ఎవరూ సొంత పేరు చెప్పేవాళ్ళు కాదు. మాకు తెలిసిన పేరు బుల్లయ్య. ఆ ఏడు పుట్టిన మీ ఇద్దరికీ ఆ పేరే పెట్టుకున్నాం."